జర్మనీకి ఫ్రీలాన్సర్‌గా వెళ్ళాలంటే: బ్యాంక్ బ్యాలెన్స్ కంటే ముందు క్లయింట్ల ఉత్తరాలు

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: వయసు 32, ఏడేళ్ళుగా డిజైనర్ ఉద్యోగం, బెర్లిన్‌లోని ఒక స్టార్టప్ ఇప్పటికే అప్పుడప్పుడూ పని ఇస్తోంది. ఉద్యోగం మానేసి అక్కడికే వెళ్ళి స్వతంత్రంగా పనిచేసుకోవాలని ఉంది. టూరిస్ట్ వీసా మీద వెళ్ళి అక్కడే తాత్కాలిక నివాస అనుమతికి అప్లై చేయొచ్చా, దానికోసం కంపెనీ పెట్టాలా, బ్యాంకులో ఎంత చూపించాలి అన్నవి మీ మూడు ప్రశ్నలు.

నేను ఇదే దారిలో వెళ్ళినవాణ్ణి. బెర్లిన్‌లో తొమ్మిదేళ్ళుగా టెక్నికల్ రైటింగ్ చేస్తున్నాను. రెండుసార్లు పర్మిట్ పొడిగించుకున్నాను, తర్వాత శాశ్వత నివాసం వచ్చింది. ఈ మధ్యలో ఓ పాతికమంది ఫైళ్ళు కూర్చుని చూసి ఉంటాను. లాయర్‌ని కాదు, కాబట్టి చిక్కు కేసైతే లాయర్ దగ్గరికే వెళ్ళండి. మీది చిక్కు కేసులా అనిపించడం లేదు.

మొదటి ప్రశ్నకి జవాబు: వద్దు. ఇంటర్నెట్‌లో కనిపించే "బెర్లిన్ ఫ్రీలాన్స్ వీసా నాలుగు వారాల్లో తెచ్చుకున్నా" తరహా వీడియోలు ఎక్కువగా అమెరికన్లవో ఆస్ట్రేలియన్లవో. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్, దక్షిణ కొరియా, ఇజ్రాయెల్, బ్రిటన్ పాస్‌పోర్టులున్నవాళ్ళు వీసా లేకుండా దిగి, అక్కడికెళ్ళాక నివాస అనుమతికి అప్లై చేసుకోవచ్చు. ఆ సౌకర్యం భారతీయ పాస్‌పోర్టుకి లేదు. మనం బయల్దేరకముందే జాతీయ వీసా, అంటే డి వీసా, తీసుకోవాలి. షెంగెన్ (చాలా యూరప్ దేశాలకి ఉమ్మడిగా చెల్లే) టూరిస్ట్ వీసా మీద వెళ్ళి "ఎలాగూ వచ్చేశాను కదా, ఇక్కడే ఇచ్చేయండి" అంటే వెనక్కి వెళ్ళి సరైన వీసాతో రమ్మంటారు. ఆ ప్రయాణం ఖర్చు మీదే. కాకపోతే షెంగెన్ బిజినెస్ వీసా మీద ఓ వారం వెళ్ళి క్లయింట్లని కలవడం, మాట్లాడుకోవడం, ఉత్తరాలు తెచ్చుకోవడం చట్టబద్ధమే. అక్కడ కూర్చుని పని చేయకూడదు, అంతే.

రెండో ప్రశ్నకీ జవాబు చిన్నదే: కంపెనీ అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో తెలిస్తేనే మీ ఫైలు ఎలా కట్టాలో తెలుస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

జర్మనీ నివాస చట్టంలో స్వయం ఉపాధికి సంబంధించింది సెక్షన్ 21. అందులో రెండు తలుపులున్నాయి. మొదటి ఉపవిభాగం వ్యాపారం పెట్టేవాళ్ళకి: దుకాణం, రెస్టారెంట్, ఏజెన్సీ, ఏదైనా కొని అమ్మే పని. దీన్ని గెవెర్బె అంటారు. మీ వ్యాపారం ఆ ప్రాంతానికి అవసరమా, ఆర్థికంగా మేలు చేస్తుందా, పెట్టుబడి చేతిలో ఉందా అని చూస్తారు, స్థానిక వాణిజ్య మండలి లాంటి సంస్థల అభిప్రాయం అడుగుతారు. ఐదో ఉపవిభాగం ఫ్రైబెరూఫ్లర్లకి, అంటే స్వేచ్ఛావృత్తుల వాళ్ళకి: డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, జర్నలిస్టులు, అనువాదకులు, టీచర్లు, రచయితలు, కళాకారులు. ఆదాయపు పన్ను చట్టం 18వ సెక్షన్‌లో ఈ జాబితా ఉంది. వీళ్ళకి మొదటి ఉపవిభాగంలోని ఆర్థిక ప్రయోజనం పరీక్ష అంత గట్టిగా ఉండదు. లైసెన్స్ కావాల్సిన వృత్తి అయితే ఆ లైసెన్స్ ఉండాలి, లేదా ఇస్తామన్న హామీ ఉండాలి.

మీరు వెళ్ళాల్సింది ఈ రెండో తలుపు గుండానే. డిజైన్‌ని సాధారణంగా సృజనాత్మక వృత్తిగా చూస్తారు. కానీ ఒక మెలిక ఉంది. మీ ఫైల్లో "డిజైన్ సర్వీసెస్, ప్రింటింగ్, యాప్ టెంప్లేట్ల అమ్మకం, చిన్న టీమ్‌తో ఏజెన్సీ" అని అన్నీ కలిపి రాశారంటే మీరే స్వయంగా మొదటి తలుపు దగ్గర నిలబడినట్టు. మన వాళ్ళు గొప్పగా కనిపిస్తుందని "ఫౌండర్ అండ్ సీఈఓ" అని రాసుకుంటారు. ఇక్కడ దాని వల్ల నష్టమే. మీ చేత్తో మీరు చేసే పని ఏమిటో అదే రాయండి. ఎవరైనా ఐటీ వాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకీ ఇదే మాట. ఇంజనీర్ తరహా పనిగా చూపగలిగితే ఫ్రైబెరూఫ్లర్, ప్రకటనల ఆదాయం మీద నడిచే యాప్ అయితే గెవెర్బె. చివరికి పన్ను విషయంలో అది తేల్చేది పన్ను ఆఫీసు.

ఇంకో మాట. చట్టంలో ఆ ఐదో ఉపవిభాగంలో "కాన్" అనే క్రియ వాడారు. అంటే అనుమతి "ఇవ్వవచ్చు" అని. బ్లూ కార్డ్‌కి, అంటే డిగ్రీ ఉన్న ఉద్యోగులకి జీతాన్ని బట్టి ఇచ్చే నివాస అనుమతికి, అలా కాదు, షరతులు నెరవేరితే ఇచ్చి తీరాలి, అది హక్కు. మీది అధికారి విచక్షణ మీద ఆధారపడింది. అందుకే ఒకే రకం కాగితాలు పెట్టిన ఇద్దరిలో ఒకరికి వచ్చి ఒకరికి రాకపోవడం జరుగుతుంది. దాన్ని అన్యాయం అనుకుని బాధపడే బదులు అధికారికి సందేహం మిగలకుండా ఫైలు కట్టడమే మన చేతిలో ఉన్నది.

పైగా నిర్ణయం తీసుకునేది మీరు వీసా ఇంటర్వ్యూలో చూసే మనిషి ఒక్కరే కాదు. మీ కాగితాలు మీరు ఉండబోయే ఊరిలోని విదేశీయుల కార్యాలయానికి వెళ్తాయి. వాళ్ళు సరే అంటేనే ఎంబసీ వీసా ముద్ర వేస్తుంది. బెర్లిన్‌లో ఆ ఆఫీసు పేరు లాండెస్‌ఆమ్ట్ ఫ్యూర్ ఐన్‌వాండెరుంగ్, అందరూ ఎల్‌ఈఏ అంటారు. అందుకే ఆలస్యం. వారాలు కావచ్చు, నెలలు కావచ్చు. ఫీజు 75 యూరోలు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి వీసా కోసం ఎదురుచూడకండి. నేను చేసిన తప్పు అదే, ఐదు నెలలు ఖాళీగా కూర్చున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఎల్‌ఈఏలో మీ ఫైలు తెరిచే మనిషి మనసులో ఉండేది ఒకటే ప్రశ్న: ఈయనకి జర్మనీలో డబ్బు ఎవరు ఇస్తారు, ఎందుకిస్తారు? బ్యాంక్ బ్యాలెన్స్ దానికి జవాబు కాదు. మీరు దాచుకున్నది ఎన్నాళ్ళకి సరిపోతుందో మాత్రమే అది చెబుతుంది. జవాబు చెప్పేవి క్లయింట్ల ఉత్తరాలు. పని ఇవ్వాలని ఉంది అని తెలిపే ఉత్తరాలు కనీసం రెండు ఉండాలి, వేర్వేరు క్లయింట్ల నుంచి, వీలైతే జర్మనీలోని వాళ్ళ నుంచి. నేనైతే మూడు లేకుండా ఫైలు పెట్టొద్దంటాను.

ఉత్తరం ఎలా ఉండకూడదో చెబుతాను. నాకు తెలిసిన ఒకమ్మాయి తెచ్చుకున్న ఉత్తరంలో ఉన్నది మొత్తం ఇంతే: "ఆమె ప్రతిభావంతురాలైన ఇలస్ట్రేటర్. ఆమెతో పనిచేయడం మాకు ఆనందంగా ఉంది. భవిష్యత్తులోనూ కలిసి పనిచేయాలని ఆశిస్తున్నాం." చదవడానికి హాయిగా ఉంది. అధికారికి అందులో పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. ఎంత పని, ఎంత డబ్బు, ఎప్పటినుంచి, ఎందుకు ఈమే, ఎందుకు ఇక్కడే ఉండాలి?

అదే క్లయింట్‌ని బతిమాలి రెండోసారి రాయించుకున్న ఉత్తరం ఇలా ఉంది: కంపెనీ లెటర్‌హెడ్, రిజిస్టర్ నంబరు, సంతకం చేసినవారి పేరు, హోదా, ఫోన్ నంబరు. "పిల్లల పుస్తకాల మా సిరీస్‌కి వచ్చే పన్నెండు నెలల్లో నాలుగు పుస్తకాల బొమ్మలు ఈమె చేత వేయించాలని అనుకుంటున్నాం. ఒక్కో పుస్తకానికి 3,200 యూరోలు. రచయితలతో, ప్రెస్‌తో నేరుగా కూర్చుని పనిచేయాల్సి ఉంటుంది కాబట్టి ఆమె బెర్లిన్‌లో ఉండడం మాకు అవసరం." అంతే, అరపేజీ. పొగడ్త ఒక్కటీ లేదు. పని దొరికింది అన్న సంగతి అంకెలతో ఉంది. ఆవిడకి వీసా వచ్చింది.

మీ స్టార్టప్ వాళ్ళని అడిగేటప్పుడు ఈ సంగతులన్నీ మీరే చిత్తుప్రతిగా రాసి పంపండి. వాళ్ళకి ఇది రాయడం రాదు, రాయడానికి టైమూ ఉండదు. ఇది కాంట్రాక్ట్ కాదు, వాళ్ళని కట్టిపడేయదు అని కూడా చెప్పండి. చాలామంది క్లయింట్లు జంకేది ఆ భయంతోనే. మీకిప్పటికే ఆ స్టార్టప్ డబ్బులిచ్చింది కదా, ఆ పాత ఇన్‌వాయిస్‌లు, బ్యాంక్‌లో పడిన రికార్డులూ జత చేయండి. జరిగిపోయిన చెల్లింపుని మించిన సాక్ష్యం లేదు.

ఒక్క క్లయింట్ మీదే ఆధారపడితే ఇంకో ప్రమాదం ఉంది. జర్మన్‌లో దీన్ని షైన్‌జెల్బ్‌ష్టెండిగ్‌కైట్ అంటారు, పేరుకి స్వయం ఉపాధి, నిజానికి ఉద్యోగం. ఒకే కంపెనీకి వాళ్ళు చెప్పిన టైముకి, వాళ్ళ ఆఫీసులో, వాళ్ళ లాప్‌టాప్ మీద పనిచేస్తున్నారంటే మీరు ఫ్రీలాన్సర్ కాదు, ఉద్యోగి అని పెన్షన్ సంస్థ తేల్చవచ్చు. అప్పుడు వెనకటి బీమా చెల్లింపులన్నీ ఆ కంపెనీ నెత్తిన పడతాయి. మీ పర్మిట్‌కీ ఇబ్బందే, ఎందుకంటే దాంతోపాటు ఇచ్చే అదనపు కాగితం మీద ఏ స్వయం ఉపాధి చేయొచ్చో, ఉద్యోగం చేయొచ్చో లేదో స్పష్టంగా రాసి ఉంటుంది. చాలామందికి ఉద్యోగానికి అనుమతి ఉండదు. "ఇప్పుడున్న మా కంపెనీయే నన్ను కాంట్రాక్టర్‌గా మార్చి అక్కడికి పంపుతానంటోంది" అనే వాళ్ళు కూడా ఇది ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

ఇక మూడో ప్రశ్న, డబ్బు. చట్టంలో ఫ్రీలాన్సర్‌కి ఇంత బ్యాలెన్స్ ఉండాలని ఒక అంకె రాసి లేదు. మీ ఖర్చులు మీరు భరించుకోగలరని నమ్మకం కలగాలి, అంతే. దానికోసం ఎర్‌ట్రాగ్స్‌ఫోర్‌షావ్ అని ఒక ఫారం ఉంటుంది, రాబోయే ఆదాయం అంచనా. అందరూ దాన్ని ఆఖరి రాత్రి నింపుతారు. నిజానికి మొదట నింపాల్సింది అదే.

ఉదాహరణకి ఒక నెల వేసి చూద్దాం. ఇవి నేను లెక్క కోసం అనుకున్న అంకెలు, మీవి మీరు వేసుకోండి. మూడు ఉత్తరాల ప్రకారం నెలకు సగటున 3,400 యూరోల పని. సాఫ్ట్‌వేర్, ఫోన్, డెస్క్ అద్దె, పన్ను సలహాదారు ఫీజు కలిపి 350. మిగిలిన 3,050 మీ లాభం. ఇందులోంచి ఆరోగ్య బీమాకి 500 పక్కన పెట్టండి. ఆదాయపు పన్ను ఎంతవుతుందో పన్ను కాలిక్యులేటర్‌లో చూసి పన్నెండో వంతు తీయండి. తర్వాత ఇంటి అద్దె. ఆపైన తిండి, రవాణా, పెన్షన్ పొదుపు. చివర్లో ఏదో ఒకటి మిగలాలి. ఏమీ మిగలడం లేదంటే మీ రేటు తక్కువని అర్థం, బ్యాలెన్స్ తక్కువని కాదు. మన ఊళ్ళో ఉండగా ఇచ్చిన రేటునే యూరోల్లోకి మార్చి ఫారంలో రాసేవాళ్ళని చూశాను. గంటకి 15 యూరోలకి బెర్లిన్‌లో స్వయం ఉపాధి నడవదు. ఆ సంగతి అధికారికీ తెలుసు.

పొదుపు అక్కర్లేదనీ కాదు. క్లయింట్లు నెల రోజులకో నలభై రోజులకో డబ్బులిస్తారు, ఇంటి డిపాజిట్ మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు. కాబట్టి ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని వెళ్ళండని నా సలహా. వీసా కోసం చూపించడానికని వారం ముందు బంధువులు ఖాతాలో వేసిన పెద్ద మొత్తం స్టేట్‌మెంట్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అలాంటివి వద్దు.

ఆరోగ్య బీమా గురించి విడిగా చెప్పాలి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. మొదటిసారి ఒక బీమా కంపెనీ ఏజెంట్ మాట నమ్మి "విదేశీయుల కోసం ప్రత్యేకం" అన్న చవక పాలసీ తీసుకున్నాను. నెలకి వంద యూరోల లోపే. ఎంట్రీకి సరిపోయింది. పర్మిట్ కోసం వెళ్ళినప్పుడు అధికారి ఆ కాగితాన్ని రెండు నిమిషాలు చూసి పక్కన పెట్టేసింది. పాత జబ్బులకి కవరేజీ లేదు, ఖర్చుకి పైపరిమితి ఉంది, ఐదేళ్ళు దాటితే పాలసీ ఆగిపోతుంది. జర్మనీ ప్రభుత్వ బీమాకి సమానమైన కవరేజీ ఉండాలని ఆవిడ అడిగిన మాట న్యాయమే. ఇంకో అపాయింట్‌మెంట్ దొరికేసరికి పదకొండు వారాలు పట్టింది.

ఇందులో అసలు చిక్కేమిటంటే, భారత్ నుంచి నేరుగా ఫ్రీలాన్సర్‌గా దిగినవాళ్ళకి ప్రభుత్వ బీమాలో స్వచ్ఛందంగా చేరే అర్హత మామూలుగా ఉండదు. దానికి ఇంతకుముందు ఆ వ్యవస్థలో ఉన్న కాలం కావాలి. అందుకని పూర్తిస్థాయి ప్రైవేట్ బీమా తీసుకోవాలి. వయసునీ ఆరోగ్యాన్నీ బట్టి ప్రీమియం నిర్ణయిస్తారు, వయసుతో పెరుగుతుంది. 55 దాటాక ప్రభుత్వ బీమాలోకి రావడం దాదాపు అసాధ్యం. 32కి అది దూరంగా కనిపిస్తుంది, అయినా తెలిసి సంతకం చేయండి.

మీకు మాత్రం ఒక పక్కదారి ఉంది, చాలామందికి తెలియదు. కళాకారులకీ రచయితలకీ కేఎస్‌కే అని ఒక సామాజిక బీమా నిధి ఉంది, ఆఫీసు విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లో. డిజైనర్లు కూడా దీని కిందికి రావచ్చు. అందులో చేర్చుకుంటే ప్రభుత్వ ఆరోగ్య బీమా, పెన్షన్ రెండూ వస్తాయి, మీరు కట్టాల్సింది సుమారు సగమే. మిగతా సగం ప్రభుత్వమూ, కళాకారుల చేత పని చేయించుకునే సంస్థలూ భరిస్తాయి. కళ ద్వారా వచ్చే లాభం ఏడాదికి 3,900 యూరోలు దాటాలన్నది మామూలు షరతు, కొత్తగా వృత్తి మొదలుపెట్టినవాళ్ళకి మొదటి మూడేళ్ళు ఆ షరతు నుంచి సడలింపూ ఉంది. దరఖాస్తు పరిశీలనకి నెలలు పడుతుంది, వీసా దశలో ఇది చేతికి రాదు. వెళ్ళిన మొదటి నెలలోనే వేయండి, ఈలోపు ప్రైవేట్ బీమా ఉంచుకోండి. మీ పనిలో డిజైన్ భాగం ఎంత, యూజర్ రీసెర్చ్, వర్క్‌షాపుల లాంటివి ఎంత అన్నది వాళ్ళు గుచ్చి గుచ్చి అడుగుతారు. పోర్ట్‌ఫోలియోలో గీసినవి ముందు పెట్టండి.

వీసా వచ్చి దిగాక పనుల వరస మారిస్తే అన్నీ ఇరుక్కుంటాయి. ముందు ఇల్లు. చేరిన రెండు వారాల్లో ఆన్మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. కొంతమంది చవగ్గా గది ఇచ్చి "ఆన్మెల్డుంగ్ కుదరదు" అంటారు, ఆ గది మీకొద్దు. నమోదయ్యాక పదకొండు అంకెల పన్ను ఐడీ పోస్టులో వస్తుంది. పోస్టు డబ్బా మీద మీ పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వెనక్కి పట్టుకుపోతాడు. ఫ్లాట్ నంబరు చూసి వేయడం అక్కడ ఉండదు. నా ఐడీ అలా ఒకసారి వెనక్కి పోయింది, ఆరు వారాలు దండగ. దిగిన రోజే ఒక స్టిక్కర్ మీద పేరు రాసి డబ్బాకి అంటించేయండి.

తర్వాత నెలలోపు పన్ను ఆఫీసులో, అంటే ఫినాన్స్‌ఆమ్ట్‌లో, ఎల్‌స్టర్ పోర్టల్ ద్వారా నమోదు. ఫ్రైబెరూఫ్లర్‌కి ట్రేడ్ ఆఫీసు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, వాణిజ్య పన్నూ లేదు. అప్పుడు ఇంకో నంబరు ఇస్తారు, ఇన్‌వాయిస్ మీద రాయాల్సింది దాన్ని. పన్ను ఐడీ వేరు, ఈ నంబరు వేరు, రెండూ కలగాపులగం చేసుకోవద్దు. అమ్మకాలు ఏడాదికి 25,000 యూరోల లోపే ఉంటాయనుకుంటే 19 శాతం వ్యాట్ వసూలు చేయకుండా చిన్న వ్యాపారి పద్ధతి ఎంచుకోవచ్చు. ఈ పరిమితి 2025 నుంచి అమల్లోకి వచ్చింది. క్లయింట్లంతా కంపెనీలైతే వ్యాట్ వాళ్ళకి భారం కాదు, కాబట్టి ఆ పద్ధతి తప్పనిసరిగా లాభమని అనుకోకండి.

ఆ పన్ను ఫారంలో ఈ ఏడాది, వచ్చే ఏడాది ఎంత లాభం వస్తుందని అడుగుతారు. వీసాకి రాసిన అంచనాలో 36,000 అని, ఇక్కడ 9,000 అని రాసేవాళ్ళుంటారు. రెండూ మీరు సంతకం పెట్టినవే. ఎక్కువ రాస్తే మార్చి 10, జూన్ 10, సెప్టెంబర్ 10, డిసెంబర్ 10 తేదీలకి ముందస్తు పన్ను కట్టమంటారని భయం. కట్టకపోతే ఏమవుతుందంటే, మొదటి ఏడాది హాయిగా గడిచిపోతుంది, రెండో ఏడాది మధ్యలో మొదటి ఏడాది పన్ను మొత్తం, ఆ ఏడాది ముందస్తు వాయిదాలు ఒకేసారి వచ్చి పడతాయి. నాకు తెలిసి ఈ మార్గంలో వెనక్కి వచ్చేసిన ముగ్గురిలో ఇద్దరు వచ్చింది ఆ నెలలోనే. వచ్చిన ప్రతి ఇన్‌వాయిస్‌లో మూడో వంతు వేరే ఖాతాలోకి పంపేసి, అది మీ డబ్బు కాదనుకోండి.

పొడిగింపు సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే మొదటి రోజు నుంచీ దానికి తయారవ్వాలి. పర్మిట్ గరిష్ఠంగా మూడేళ్ళకి ఇస్తారు, తక్కువకీ ఇవ్వొచ్చు. పొడిగించేటప్పుడు ఉత్తరాలు కాదు, పన్ను అసెస్‌మెంట్లు, లాభనష్టాల లెక్కలు చూస్తారు. బెర్లిన్‌లో పన్ను సలహాదారు ధ్రువీకరించిన రిపోర్ట్ అడుగుతారు. చూసేది అమ్మకాలని కాదు, ఖర్చులు పోగా మిగిలిన లాభాన్ని. పన్ను తగ్గుతుందని కొత్త లాప్‌టాప్, కెమెరా, కుర్చీ అన్నీ ఖర్చులో రాసి లాభాన్ని 8,000కి దించుకున్నాడు ఒకాయన. పన్ను నిజంగానే సున్నా. పర్మిట్ ఆఫీసులో "ఏడాదికి ఎనిమిది వేలతో ఎలా బతికారు?" అని అడిగారు. ఆయన దగ్గర జవాబు లేదు. గడువు తీరకముందే పొడిగింపుకి అప్లై చేస్తే నిర్ణయం వచ్చేదాకా పాత హక్కులు కొనసాగుతాయి, దానికి ఒక తాత్కాలిక పత్రం ఇస్తారు. ఒక్కరోజు ఆలస్యమైనా ఆ రక్షణ పోయే ప్రమాదముంది.

వ్యాపారం తలుపు గుండా వచ్చినవాళ్ళకి మూడేళ్ళు సవ్యంగా నడిస్తే శాశ్వత నివాసం దారి ఉంది. ఫ్రైబెరూఫ్లర్లకి అది వర్తించదని ఐదో ఉపవిభాగంలోనే రాసి ఉంది. మనకి మామూలు దారే: ఐదేళ్ళు, అరవై నెలల పెన్షన్ చెల్లింపులు లేదా దానికి సమానమైన ఏర్పాటు, బీ1 స్థాయి (రోజువారీ వ్యవహారాలకి సరిపోయే) జర్మన్. వీసాకి భాష అడగలేదు కదా అని వదిలేయకండి. ఆఫీసు ఉత్తరాలన్నీ జర్మన్‌లోనే వస్తాయి. 45 దాటినవాళ్ళైతే వృద్ధాప్యానికి తగిన పెన్షన్ ఏర్పాటు మొదటే చూపించాలి, మీకు ఆ గొడవ లేదు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్తాను, ఏమీ అనుకోకండి. ఆ స్టార్టప్ వాళ్ళు మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకుంటారేమో ముందు అడగండి. డిగ్రీ గుర్తింపు ఉండి, జీతం ఆ ఏడాది పరిమితికి మించితే (2025లో మామూలు వృత్తులకి అది ఏడాదికి 48,300 యూరోలు) బ్లూ కార్డ్ వస్తుంది. అది హక్కుగా వస్తుంది, ప్రభుత్వ బీమాలోకి వెళ్ళే దారి ఉంటుంది, బీ1 జర్మన్ ఉంటే 21 నెలలకే శాశ్వత నివాసం అడగొచ్చు. అక్కడ ఉన్నాక, వేరే కారణంతో వచ్చిన పర్మిట్ మీదే పక్కన స్వయం ఉపాధికి అనుమతించే వెసులుబాటు అదే సెక్షన్ 21లో ఆరో ఉపవిభాగంలో ఉంది. రెండేళ్ళు ఉద్యోగం, సాయంత్రాలు సొంత క్లయింట్లు, తర్వాత పూర్తిగా స్వతంత్రం. ఇందులో థ్రిల్ తక్కువే. నిద్ర మాత్రం బాగా పడుతుంది. నేను మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తే అలాగే వెళ్తాను.

అదే మీ క్లయింట్లు అందరూ జర్మనీ బయటివాళ్ళైతే, అసలు జర్మనీ ఎందుకని ఆలోచించండి. బయటి దేశాల క్లయింట్లకి ఆన్‌లైన్‌లో పనిచేసేవాళ్ళకిచ్చే డిజిటల్ నోమాడ్ వీసా జర్మనీలో లేదు. పోర్చుగల్‌లో 2022 నుంచి డి8 అనే అలాంటి వీసా ఉంది, కనీస వేతనానికి నాలుగు రెట్ల నెలసరి ఆదాయం చూపాలి. స్పెయిన్‌లోనూ అలాంటిది ఉంది, కనీస వేతనానికి రెండు రెట్లు, స్వయం ఉపాధి వాళ్ళు స్పెయిన్ క్లయింట్ల నుంచి 20 శాతం మించి సంపాదించకూడదు. మీ స్టార్టప్ బెర్లిన్‌లో ఉంది కాబట్టి మీకు జర్మనీయే సరైనది.

తిరస్కరిస్తే ఏమిటని భయపడుతున్నట్టు రాశారు. ఇదివరకు ఎంబసీకే అభ్యంతరం రాసి మళ్ళీ చూడమనే వీలుండేది. 2025 జూలై 1 నుంచి ఆ పద్ధతి ఎత్తేశారు. ఇప్పుడు ఉన్నవి రెండే, కొత్తగా అప్లై చేయడం, లేదా బెర్లిన్ పాలనా న్యాయస్థానానికి వెళ్ళడం. కోర్టు కంటే బలమైన ఉత్తరాలతో కొత్త ఫైలు పెట్టడమే త్వరగా తెములుతుంది. అందుకే మొదటి ఫైలు తొందరపడి పెట్టొద్దంటున్నాను.

చివరగా మన తెలుగువాళ్ళకే వచ్చే ఒక తలనొప్పి. డిగ్రీ మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఇంకోలా ఉంటుంది. మనకి మూడూ ఒకే మనిషి. జర్మన్ ఆఫీసులో ముగ్గురు మనుషులు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందేమో ఇవాళే తీసి చూడండి, ఉంటే ముందు దాన్ని సరిచేయించుకోండి. క్లయింట్ల ఉత్తరాల్లో కూడా పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం అక్షరం రాయించండి. స్టార్టప్ వాళ్ళకి పంపబోయే చిత్తుప్రతి తయారయ్యాక, అంకెలు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.